కన్ఫెషన్ అయిపోయింది, మరి మోటర్ సంగతేంది?

 

ఈ ఎపిసోడ్ రికార్డ్ చేయడానికి నాకు మూడు వారాలు పట్టింది. కెమెరా ఆన్ చేయడం, మళ్ళీ ఆఫ్ చేయడం, ఇదే పని. ఎందుకంటే ఈసారి చెప్పేది నేను చేసిన తప్పు గురించి. ఇంట్లోవాళ్ళు సరే అన్నాకే చెప్తున్నా. ఇందులో ఇంకొకాయన ఉన్నడు. ఆయన పేరు చెప్పను, కామెంట్లలో అడగొద్దు.

మాది నల్గొండకు, మహబూబ్‌నగర్‌కు నడుమ మెట్ట ప్రాంతం. వానపడితే పత్తి, బోరుంటే వరి, బత్తాయి. తాతల నుంచి కతోలికులం. మా నల్గొండ మేత్రాసనం 1976లో ఏర్పడింది. మా ఊళ్ళో చిన్న గుడి. ఫాదర్ గారికి చాలా ఊళ్ళుంటాయి కాబట్టి అన్ని ఆదివారాలు రాలేరు, ఆయన రాని రోజు ఉపదేశి గారే ప్రార్థన నడిపిస్తరు. క్రిస్మస్ ముందు, ఈస్టర్ ముందు మాత్రం పాపసంకీర్తనానికి పెద్ద లైన్ ఉంటది.

మా నాయిన, పెద్దనాయిన ఇద్దరే అన్నదమ్ములు. నాలుగెకరాలు, చెరి రెండు. బోరు పెద్దనాయిన చెలకల పడ్డది, కానీ వేయించిన ఖర్చు ఇద్దరిదీ. 2014 ఎండాకాలంలో నీళ్ళు తగ్గినయి. పెద్దనాయిన మా పైపు తీసేసిండు. మా బత్తాయి మొక్కలన్నీ ఎండిపోయినయి. ఆ రోజు నుంచి రెండిండ్ల నడుమ మాటల్లేవు.

కానీ ఆదివారం ఇద్దరూ గుడికి వస్తరు. పూజలో దివ్యసత్ప్రసాదం తీసుకునే ముందు ఒకరికొకరు సమాధానం చెప్పుకుంటం కదా, పక్కవాళ్ళకు తిరిగి చేతులు జోడించి. నాయిన కుడివైపు తిరిగేవాడు. పెద్దనాయిన ఎడమవైపు. ఒకే చాప మీద కూర్చొని, పదేండ్లు!

నాకు అప్పుడు పదిహేడేండ్లు, ఇంటర్. ఎండిన మొక్కలు చూసి నాయిన ఏడ్వడం చూసిన. ఒకరోజు రాత్రి కరెంట్ లేని టైం చూసుకొని పోయి, పెద్దనాయిన మోటర్ కేబుల్ కోసేసిన. స్టార్టర్ డబ్బా పగలగొట్టిన. ఇంటికొచ్చి పడుకున్న.

తెల్లారి నింద ఎవరి మీద పడ్డదో తెలుసా? పెద్దనాయిన దగ్గర పనిచేసే అన్న మీద. రాగి తీగ కోసం ఆయనే కోసిండన్నరు. పంచాయితీల కూర్చోబెట్టిన్రు. రెండు నెలల జీతం పట్టుకున్నరు. కొన్ని రోజులకు ఆయన భార్యాపిల్లలతో హైదరాబాద్‌కు పోయి బిల్డింగ్ పనిలో చేరిండు. పంచాయితీ జరుగుతుంటే నేను అక్కడే వేపచెట్టు కింద నిలబడ్డ. నోరు తెరవలేదు.

తర్వాత బీటెక్, జాబ్, ఆ జాబ్ వదిలి ఈ వీడియోలు. ప్రతి ఏడూ కన్ఫెషన్‌కు పోయేవాడిని. "మా పెద్దనాయిన మీద కోపపడ్డాను ఫాదర్" అనేవాడిని. అబద్ధం కాదు. కానీ నిజం కూడా కాదు. మనలో చాలామందిమి పాపాన్ని అట్ల జిప్ ఫైల్ చేసి ఇస్తం.

పోయిన తపస్సుకాలంలో మొత్తం చెప్పేసిన. ఫాదర్ తిట్టలేదు. పాపవిమోచనం ఇచ్చిన్రు. ఒక జపమాల చెప్పమన్నరు. లేవబోతుంటే అడిగిన్రు: "మరి మోటర్ సంగతేంది? ఆ అబ్బాయి పేరు సంగతేంది?"

కన్ఫెషన్‌లో విన్నది ఫాదర్ ఎవరికీ చెప్పకూడదు, ప్రాణం పోయినా సరే. శ్రీసభ చట్టంలో దానికంటే గట్టి తాళం లేదు. కానీ ఆ తాళం ఫాదర్ నోటికి, నా నోటికి కాదు. అందుకే మీకు చెప్తున్నా.

కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 1459వ పేరాలో ఈ విషయమే ఉంది. నా మాటల్లో చెప్తా: క్షమాపణతో పాపం పోతుంది, కానీ ఆ పాపం వల్ల జరిగిన నష్టం దానంతటది పూడదు. దొంగిలించింది తిరిగివ్వాలి. ఎవరి పేరు చెడగొట్టామో ఆ పేరు నిలబెట్టాలి. మన చేతనైనంత చేయాలి.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకు ఇది వెంటనే అర్థమైతది. బగ్ ఫిక్స్ చేసి డిప్లాయ్ చేస్తే కోడ్ బాగైతది. కానీ ఆ బగ్ వల్ల డేటాబేస్‌లో అప్పటికే పాడైన రికార్డులు? అవి అట్లనే ఉంటయి. కూర్చొని ఒక్కోటి సరిచేయాలి. నేను పదేండ్లు దేవుడి దగ్గర ఫిక్స్ అడిగిన. పాడైన రికార్డు హైదరాబాద్‌ల ఇటుకలు మోస్తున్నది.

ముందు పెద్దనాయిన ఇంటికి పోయిన. గడపలోనే చెప్పేసిన. చాలాసేపు మాట్లాడలేదు. పెద్దమ్మ నీళ్ళిచ్చింది. తర్వాత ఆయన అన్నది ఒక్కటే: "నా మోటర్ పోతే పోయింది బిడ్డా. ఆ పిల్లగాణ్ణి నలుగురిలో నిలబెట్టినం. నువ్వు కూడా నలుగురిలోనే చెప్పు."

చెప్పిన. ఆదివారం పూజ అయినంక, గుడి ముందల. కాళ్ళు వణికినయి. నాయిన తలదించుకున్నడు. ఆ రోజు ఇంట్లో ఎవ్వరం సరిగ్గా తినలేదు.

తర్వాత హైదరాబాద్ పోయి ఆ అన్నను కలిసిన. రెండు నెలల జీతం, దానిమీద ఇంకొంత, కవర్‌లో పెట్టి ఇచ్చిన. ఊళ్ళో అందరి ముందు చెప్పిన సంగతి చెప్పిన. ఆయన డబ్బులు తీసుకున్నడు. "ఇవి నావి, తీసుకుంట. క్షమించిన అని మాత్రం ఇప్పుడు అనలేను తమ్మీ. మా నాయిన నన్ను దొంగ అనుకునే చచ్చిపోయిండు" అన్నడు.

దీనికి నా దగ్గర జవాబు లేదు. నెలనెలా ఫోన్ చేసి "అన్నా, ఇప్పుడు క్షమించినవా?" అని అడగడం కూడా ఒక రకం దౌర్జన్యమే. అందుకే అడగను.

ఇక్కడ మీకొక డౌట్ రావచ్చు. యేసు ప్రభువు డెబ్బై ఏడు మార్లు క్షమించమన్నడు కదా, మరి ఆ అన్న క్షమించాలి కదా అని. ఆ మాట ప్రభువు అనొచ్చు. తప్పు చేసిన నేను అనకూడదు. మన జిల్లాలోనే మిర్యాలగూడలో 2018 సెప్టెంబర్‌లో జరిగిన పరువు హత్య మీకు తెలుసు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి జీవితఖైదు వేసింది. మరణశిక్ష ఎవరికీ ఒప్పుకోమని శ్రీసభ 2018లోనే స్పష్టం చేసింది. కానీ శిక్షే వద్దని అనలేదు. ఆ ఇంటికి పోయి "క్షమించండి" అని లెక్చర్ ఇచ్చే హక్కు మనకెవ్వరికీ లేదు. క్షమించడం దెబ్బతిన్నవాళ్ళ చేతిలోని బహుమతి. గుంజుకుంటే అది బహుమతి కాదు.

కానీ ఇచ్చినవాళ్ళూ ఉన్నరు. కేరళలో పుట్టిన సిస్టర్ రాణి మరియ మధ్యప్రదేశ్‌లో పేదల కోసం పనిచేసేది. 1995 ఫిబ్రవరి 25న సముందర్ సింగ్ అనే మనిషి ఆమెను కత్తితో పొడిచి చంపేసిండు. అతనికి జీవితఖైదు పడింది. 2002లో రాణి మరియ సొంత చెల్లెలు, సిస్టర్ సెల్మీ పాల్, జైలుకు పోయి అతనికి రాఖీ కట్టింది. అప్పటికి ఏడేండ్లు గడిచినయి, చూడండి. శిక్షా పడింది, క్షమాపణా దొరికింది. 2006లో విడుదలయ్యిండు. 2017 నవంబర్ 4న ఇందోర్‌లో రాణి మరియను ధన్యురాలిగా ప్రకటించిన్రు.

మత్తయి సువార్త 5వ అధ్యాయంలో ప్రభువు ఒక మాట చెప్పిండు. కానుక పట్టుకొని పీఠం దాకా వచ్చినంక, నీమీద నీ సోదరునికి ఏదైనా ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే పెట్టి ముందు అతని దగ్గరికి పొమ్మని. మామూలుగా మనం "నాకు వాడిమీద కోపం ఉందా?" అని చూసుకుంటం. ప్రభువు అడిగింది వేరే: వాడికి నీమీద ఏముంది?

మా ఇంట్లో ఏం మారింది? సినిమా క్లైమాక్స్ ఏం లేదు. బోరు ఇంకా కలవలేదు. కానీ నేను చెప్పిన తర్వాతి ఆదివారం సమాధానం చెప్పుకునే టైంల నాయిన ఎడమవైపు తిరిగిండు. పెద్దనాయిన కొంచెం ఆగి చేతులు జోడించిండు. బయటికొచ్చినంక "వాన పడేటట్టుందా?" అని అడిగిండు. "ఏమో" అన్నడు నాయిన. పదేండ్ల తర్వాత అంతే మాట్లాడుకున్నరు.

ఈసారి కన్ఫెషన్ లైన్‌లో నిలబడినప్పుడు, మీ తప్పుకు ఇంకెవరన్నా పైసలు కడుతున్నరేమో ఒక్కసారి ఆలోచించుండ్రి. ఉంటే, ఆ నంబర్ వెతకండి. మెసేజ్ పెట్టకండి, పోయి కలవండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.