అడుగును చూసి ఆనవాలు పట్టే చదువు

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 జై ఆదివాసీ!

1982లో ఆదివాసీల కోసం ఐక్యరాజ్యసమితి వేసిన కార్యవర్గం జెనీవాలో మొదటిసారి కూర్చున్న రోజు ఆగస్టు 9. అందుకే ఏటా ఈ రోజున కలుస్తున్నాం. భూమి గురించి, పట్టాల గురించి, ఉద్యోగాల గురించి మాకు ముందు మాట్లాడిన పెద్దలు చెప్పారు. మేము వేరే సంగతి మాట్లాడతాం. ఇంటి చుట్టూ, నడిచే దారి పక్కన తిరిగే జంతువును గుర్తుపట్టడం గురించి. ఇది కూడా సభలో చెప్పే విషయమా అని కొందరికి అనిపించవచ్చు. ముందు మా పెంటలో జరిగింది వినండి.

మొన్న ఎండాకాలం సెలవులకు తొమ్మిదో తరగతి చదివే ఒక చెల్లె ఇంటికి వచ్చింది. సాయంత్రం అవ్వతో కలిసి చెలమ దగ్గరికి నీళ్లకు పోతోంది. బిందె పట్టుకుని ముందు నడుస్తున్న పిల్లను అవ్వ చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆగు బిడ్డా, ముందుకు పోకు. కణితి అరుస్తున్నది, వినవడ్తలేదా?" అంది. పిల్లకు ఏదో అరుపు వినబడింది గానీ అది ఎవరి అరుపో, ఎందుకు అరుస్తోందో తెలియదు. ఇద్దరూ ఖాళీ బిందెలతో వెనక్కి వచ్చారు. మర్నాడు పొద్దున మేము పోయి చూస్తే చెలమ ఒడ్డున తడి మట్టిలో పులి అడుగులు ఉన్నాయి. ఆ చెల్లె మాతోపాటే వచ్చింది. అడుగు చూసి, "అన్నా, ఇది కుక్కదా, పులిదా?" అని అడిగింది. ఆమె క్లాసులో మంచి మార్కులు తెచ్చుకునే పిల్ల. పులి శాస్త్రీయ నామం పాంథేరా టైగ్రిస్ అని వెంటనే చెప్పగలదు. పులి అడుగు మాత్రం ఆమెకు తెలియదు.

తప్పు ఆ పిల్లది కాదు. ఏడాదిలో పది నెలలు హాస్టల్‌లో ఉంటే అవ్వ వెంట నడిచేది ఎప్పుడు? మేమూ అలా చదివి వచ్చినవాళ్లమే. మాకు తెలిసిన కాస్త కూడా చదువు అయిపోయాక పెద్దల వెనక తిరిగి నేర్చుకున్నదే. ఈ రోజు అందులో కొంత మీ ముందు పెడతాం. తప్పులుంటే పెద్దలు దిద్దండి.

మొదట అడుగులు. పులి, చిరుత, అడవిపిల్లి ఇవన్నీ నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి. కాబట్టి నాలుగు వేళ్ల గుర్తులు, మధ్యలో మెత్త గుర్తు పడతాయి తప్ప గోళ్ల గుర్తు పడదు. మెత్త వెనక అంచున మూడు వంపులు కనిపిస్తాయి. కుక్క, నక్క, రేచుకుక్క, దుమ్ములగొండి గోళ్లు ముడవలేవు. వాటి వేళ్ల ముందు గోటి చుక్కలు ఉంటాయి. దుమ్ములగొండిది ఇంకో గుర్తు, ముందు పాదం పెద్దది, వెనక పాదం చిన్నది. పులికీ చిరుతకూ తేడా ముఖ్యంగా కొలతలో ఉంటుంది. చిరుత అడుగు మన అరచేతిలో ఇమిడిపోతుంది. పెద్ద పులి అడుగు అరచేతిని దాటుతుంది.

ఎలుగుబంటి అడుగు చూసి చాలామంది మోసపోతారు. వెనక పాదం అచ్చం చెప్పుల్లేని మనిషి నడిచినట్టే ఉంటుంది. ఐదు వేళ్లూ దాదాపు ఒకే వరసలో ఉండి, వాటికి ముందు దూరంగా పొడుగు గోళ్ల గీతలు ఉంటే అది ఎలుగుబంటి. అడవిపంది గిట్ట గుండ్రంగా ఉండి, మెత్తటి నేలలో వెనక రెండు చిన్న గిట్టల గుర్తులు కూడా పక్కలకు పడతాయి. దుప్పి గిట్ట మొన తేలి ఉంటుంది.

అడుగు ఎవరిదో తెలిస్తే సరిపోదు, ఎప్పటిదో కూడా తెలియాలి. అంచులు పదునుగా నిలబడి ఉంటే కొత్తది. అంచులు రాలి, లోపల ఎండుటాకు పడి ఉంటే పాతది. అడుగు మీదుగా పురుగు పాకిన గీత ఉంటే, జంతువు పోయాక కొంతసేపు గడిచిందని అర్థం. మన తాతలు చెలమ దగ్గర వంగి ఒక్క చూపు చూసి "రాత్రి పోయింది" అనో, "ఇప్పుడే పోయింది" అనో అనేవాళ్లు. అది మంత్రం కాదు, ఈ లెక్కే.

రెండోది చెవి. చుక్కల దుప్పి భయపడితే సన్నగా కూత పెడుతుంది. కొండముచ్చు చెట్టు పైనుంచి దగ్గినట్టు అరుస్తుంది. కణితి గంట కొట్టినట్టు పెద్దగా ఒక్కో అరుపు అరుస్తుంది. దుప్పి కుక్కను చూసినా కూస్తుంది, మనిషిని చూసినా కూస్తుంది. కణితి ఊరికే అరవదు. అది ఆగకుండా అరుస్తుంటే పులో, చిరుతో, రేచుకుక్కలో దగ్గరలోనే ఉన్నాయని పెద్దలు అనుకుంటారు. ఆ రోజు మా అవ్వ వెనక్కి తిరిగింది అందుకే. తీతువు పిట్ట అరిస్తే అపశకునం అంటారు. నేల మీద గుడ్లు పెట్టే పిట్ట అది. గుడ్ల దగ్గరికి ఎవరొచ్చినా అరుస్తుంది. అది అరిచినప్పుడు భయపడే బదులు, ఆ వైపు ఏం కదులుతోందో చూడాలి.

మూడోది పేడ, తవ్విన గుంత, వాసన. పులి, చిరుత పెంటికలో వెంట్రుకలు ఉంటాయి. దుమ్ములగొండి ఎముకలు నమిలి మింగుతుంది కాబట్టి దాని పెంటిక ఎండాక సున్నంలా తెల్లబడుతుంది. ఎలుగు పెంటికలో కాలాన్ని బట్టి తునికి గింజలు, నేరేడు గింజలు, చెదపురుగుల తలలు కనిపిస్తాయి. మనుబోతు ఒకే చోటికి మళ్లీ మళ్లీ వచ్చి పేడ వేస్తుంది, అక్కడ కుప్ప అవుతుంది. పుట్టను లోతుగా తవ్వి ఉంటే ఎలుగు పని. నేలంతా దున్నినట్టు ఉంటే పంది పని. చెట్టు మొదట్లో బెరడు కొరికి, పక్కన ముల్లు పడి ఉంటే ఏదుపంది. పులి చెట్టు మీద చిమ్మిన చోట కొత్త బియ్యం వండిన వాసన వస్తుంది. ఈ వాసన సంగతి మా పెద్దలు చెబితే మేమే నవ్వాం. బాస్మతి బియ్యానికి ఆ వాసన ఇచ్చే పదార్థమే పులి చిమ్మేదానిలోనూ ఉందని శాస్త్రవేత్తలు తేల్చారని తర్వాత చదివాం.

ఎలుగు విషయంలో ఒక జాగ్రత్త. అది పుట్ట తవ్వుతూనో, ఇప్పపువ్వు ఏరుకుంటూనో తిండి ధ్యాసలో ఉంటుంది. మనం చప్పుడు లేకుండా దాని మీదికి పోతే ఉలిక్కిపడి మీద పడుతుంది. అందుకే ఇప్పపువ్వుకు పోయే ఆడవాళ్లు మాట్లాడుకుంటూ, పిలుచుకుంటూ నడుస్తారు. ఒంటరిగా పోవద్దు. చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అడవిలో నడిచే తమ్ముళ్లకు ఇది ప్రత్యేకంగా చెబుతున్నాం. పులి ఎదురుపడితే పరుగెత్తవద్దు, వీపు చూపవద్దు. దాన్ని చూస్తూనే మెల్లగా వెనక్కి జరగాలి.

ఇక గడప దగ్గరి సంగతి. పులి కన్నా మన ఇళ్లకు ఎక్కువ దగ్గరగా ఉండేది పాము. మనుషుల ప్రాణాలు ఎక్కువగా తీసేవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి. వీటిని పోలిన పాములు వేరే ఉన్నాయి. జెర్రిపోతును నాగుపాము అనుకుని కొడతారు. అది పడగ విప్పదు, ఎలుకలు తిని గింజలు కాపాడుతుంది. కట్లపాముకు తెల్ల పట్టీలు మెడ దగ్గర కనపడవు, కొంత దూరం పోయాక మొదలై తోక వైపు స్పష్టంగా ఉంటాయి. దాన్ని పోలిన విషం లేని పాముకు పట్టీలు మెడ దగ్గరే మొదలై తోక వైపు మసకబారతాయి. రక్తపింజరి వీపు మీద గొలుసులాగా మూడు వరసల మచ్చలుంటాయి, కుక్కర్ విజిల్‌లా బుసకొడుతుంది. ఈ తేడాలు దూరం నుంచి చూసి తెలుసుకోవడానికే. అనుమానం ఉన్న ఏ పామునూ ముట్టుకోవద్దు.

కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కాటేస్తుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు. పొద్దున కడుపునొప్పి అంటారు, కనురెప్పలు వాలిపోతాయి. పెద్దలు మన్నించాలి, ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పసరు మందు మన పెద్దల సొత్తు, దాన్ని మేము తక్కువ చేయం. పాముకాటు దగ్గర మాత్రం పసరు కోసం ఒక్క గడియ కూడా ఆగవద్దు. కోయవద్దు, గట్టిగా కట్టవద్దు, నడిపించవద్దు. 108కి ఫోన్ చేసి, మనిషిని కదలకుండా మోసుకుని ఆసుపత్రికి చేర్చాలి. ఈ నాలుగు పాముల విషానికీ ఒకే విరుగుడు సూది ఉంది. కాబట్టి పామును చంపి వెంట తీసుకుపోయే పని లేదు.

గుర్తుపట్టడం రాకపోతే మనకే కాదు, జంతువుకూ చేటే. చేను గట్టున కుక్క అడుగు ఫోటో తీసి పులి వచ్చిందని వాట్సాప్‌లో పెడతారు. నాలుగు ఊళ్లు కర్రలు పట్టుకుని బయలుదేరతాయి. ఆ రాత్రి దొరికేది పునుగుపిల్లో, దుమ్ములగొండో. ఏ పాపం తెలియని ప్రాణి పోతుంది. అందుకని రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. అడుగు ఫోటో తీసేటప్పుడు పక్కన అగ్గిపెట్టె పెట్టండి, కొలత తెలుస్తుంది. నిజంగా పులి అడుగే అయితే ఆ చోటు పేరు ఎక్కడా పెట్టవద్దు. ఉచ్చులు పెట్టేవాళ్ల దగ్గర కూడా ఫోన్లున్నాయి.

ఈ విద్యకు ఉన్న విలువ మనమే మర్చిపోతున్నాం. 1972లో దేశంలో మొదటిసారి పులులను లెక్కపెట్టినప్పుడు అడుగులే ఆధారం. 2006 నుంచి నాలుగేళ్లకోసారి జరిగే లెక్కలో కెమెరాలు వచ్చాయి. ప్రతి పులి చారలు వేరు కాబట్టి ఫోటోలో వేరుచేసి గుర్తుపడతారు. అయితే కెమెరా ఏ చెట్టుకు కట్టాలి? పులి ఏ దారిన నడుస్తుందో తెలిసినవాడు చెప్పాలి. కృష్ణకు ఇటు అమ్రాబాద్‌లో, అటు శ్రీశైలం వైపు నాగార్జునసాగర్ టైగర్ రిజర్వ్‌లో బేస్ క్యాంపుల్లో కాపలా కాస్తూ ఆ దారులు చూపేవాళ్లలో మన చెంచు అన్నలు ఎందరో ఉన్నారు. అమ్రాబాద్ ఒక్కటే 2,611 చదరపు కిలోమీటర్లు. అంత అడవిని కాగితం మీద చూసి ఎవరూ తిరగలేరు. లెక్క వచ్చాక పేపర్లో పులుల సంఖ్య వస్తుంది. దారి చూపినవాడి పేరు రాదు.

2006 అటవీ హక్కుల చట్టం పోడు భూమికి మాత్రమే అనుకుంటాం. అందులోనే సెక్షన్ 3(1)(కె) ఉంది. జీవవైవిధ్యానికి సంబంధించిన మన సంప్రదాయ జ్ఞానం మీద మన సమూహానికి హక్కు ఉందని అది చెబుతుంది. 2002 జీవవైవిధ్య చట్టం కింద స్థానికంగా ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. ఆ రిజిస్టర్లు మన ఊళ్లలో మన పెద్దలను కూర్చోబెట్టుకుని, చెప్పినవాళ్ల పేరుతో రాయించుకుందాం. పెంటలు ఖాళీ చేసి మైదానానికి రమ్మనే మాటలు వింటూనే ఉన్నాం. వెళ్లాలా వద్దా అన్నది ఆ కుటుంబాల ఇష్టం. కానీ ఒక పెంట లేస్తే ఆ వాగు, ఆ చెలమ, ఆ దారి తెలిసిన కళ్లు కూడా అక్కడి నుంచి లేస్తాయి. రాసి పెట్టుకోకపోతే అది మళ్లీ దొరకదు.

మా విన్నపాలు మూడు. పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు వారానికి ఒక పొద్దు అవ్వతోనో తాతతోనో నడవాలి. ఫోన్ ఇంట్లో పెట్టి రావాలి. ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసే మన టీచర్లు నెలకు ఒక పీరియడ్ ఒక పెద్దమనిషికి ఇవ్వాలి. మన సంఘం ప్రతి పెంట నుంచి జంతువుల పేర్లు, గుర్తులు సేకరించి వచ్చే ఏడాది ఇదే రోజుకు ఒక పుస్తకంగా తేవాలి. రాసే పని మేము చేస్తాం. చెప్పే పని పెద్దలది.

చివరగా ఆ చెల్లె సంగతి. జూన్‌లో బడి తెరిచేలోపు ఆమె నోట్‌బుక్‌లో పదకొండు అడుగుల బొమ్మలు గీసింది. నక్కదీ కుక్కదీ ఒకేలా గీస్తే, అక్షరం ముక్క రాని అవ్వ ఆ పేజీ చూసి "ఇది తప్పు, నక్కది సన్నగుంటది" అని మళ్లీ గీయించింది. ఆ నోట్‌బుక్ ఇప్పుడు హాస్టల్‌లో పుస్తకాల మధ్య ఉంది. అలాంటి నోట్‌బుక్ మన ప్రతి బిడ్డ సంచిలో ఉండాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాం.

జై ఆదివాసీ!