బాలింత పాలు, తండ్రి బాధ్యత



సూరా అల్ బఖరా 233వ ఆయతులో అల్లాహ్ తల్లిపాలకు రెండు సంపూర్ణ సంవత్సరాల గడువు తెలిపాడు. అదే ఆయతులో ఆ తల్లి అన్నవస్త్రాల భారాన్ని బిడ్డ తండ్రిపై ఉంచాడు. మొదటిది మనకు గుర్తుంటుంది; రెండవది మరుస్తున్నాము.

కాన్పయిన మరునాడే “పాలు పడలేదు” అంటూ డబ్బాపాలకు పరుగెత్తుతున్నాము. మాయ వెలువడిన తరువాతనే, అంతవరకు పాలను ఆపి ఉంచిన ప్రొజెస్టిరాన్ తగ్గుతుంది. నిండుగా పాలు రావడానికి సాధారణంగా 2 నుండి 4 రోజులు పడుతుంది. ఈలోగా వచ్చే ముర్రుపాలు కొద్దివే, కాని పసికందుకు రోగాల నుండి రక్షణనిచ్చేవి అవే. వాటిని పిండి పారబోయించే పెద్దలు మన ఇండ్లలో ఇంకా ఉన్నారు!

బిడ్డ చీకినకొద్దీ ప్రొలాక్టిన్ పాలను ఊరిస్తుంది, ఆక్సిటోసిన్ చేపు తెస్తుంది. రొమ్ములో పాలు నిలిచిపోతే ఊట తగ్గుతుంది. అనవసరంగా డబ్బా పట్టితే బిడ్డ చీకడం తగ్గి, లేని కొరత నిజంగానే ఏర్పడుతుంది. నొప్పి, దిగులు చేపును అడ్డుకుంటాయి. ఆడపిల్ల పుట్టిందని మనం ముఖం చిట్లించినప్పుడు ఆ దిగులు ఎవరు పెట్టినట్లు?

నిజంగా పాలు చాలక వైద్యులు ఇతర పాలు పట్టమంటే ఆ తల్లిని నిందించకూడదు. వేరొకరిచేత పాలిప్పించే అనుమతి అదే ఆయతులో ఉంది. పాలు మాన్పించడం తల్లిదండ్రులిద్దరి సమ్మతితో, సంప్రదింపుతో అని కూడా అందులోనే ఉంది. అత్తగారి ఆజ్ఞతో అని లేదు.