నమూనా పడవకు ఏ ఫోమ్?
నమూనా పడవలోకి నీరు చేరితే మోటారు, బ్యాటరీల బరువుకు అది ఇట్టే మునుగుతుంది. దాన్ని తేల్చి ఉంచేది లోపల అమర్చిన ఫోమ్. అయితే ఏ ఫోమ్ పడితే అది పనికిరాదు. నీరు పీల్చనిదే కావాలి.

పరుపుల స్పాంజి నీటిని తాగేస్తుంది. అది అసలే వద్దు. థర్మోకోల్ తేలిక, చవక. కానీ చాలాకాలం తడిలో నానితే గింజల సందుల్లోకి నీరు దిగుతుంది. ఇంతకన్నా మేలు ఎక్స్‌ట్రూడెడ్ పాలిస్టైరీన్ పలక. అది నీటిని దాదాపు పీల్చదు. పెట్రోలు, పాలియెస్టర్ రెజిన్ తగిలితే మాత్రం ఈ రెండు ఫోమ్‌లూ కరుగుతాయి. ఎపాక్సీ రెజిన్‌తో ఆ భయం లేదు.

మరి ఎంత పెట్టాలి? లీటరు సీసా అంత ఫోమ్ ముక్క దాదాపు కిలో బరువును తేలుస్తుంది. దాన్ని ముందు, వెనక కొసల్లో, పక్కల పైభాగంలో బిగించాలి. అంతా అడుగునే పెడితే నీరు నిండిన పడవ బోర్లా పడుతుంది.