బొగ్గుల గ్రిల్ కొనేముందు
(సంఘం వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుకునే సభలో బొగ్గుల గ్రిల్ మీద ప్రసంగమేమిటని కొందరు నవ్వుకోవచ్చు. మనలో చాలామంది పిల్లలు అమెరికాలో స్థిరపడ్డారు. మనం వెళ్ళి నాలుగైదు నెలలు ఉండి వస్తున్నాం. అక్కడ వేసవి వచ్చిందంటే పెరట్లో బొగ్గుల మీద వంట. పొద్దున నిప్పు రాజేసి పిల్లలు తమ పనుల్లో పడితే, సాయంత్రం దాకా దాన్ని కనిపెట్టుకుని ఉండేది మనమే. కాబట్టి కొనేటప్పుడు మన మాట కూడా ఒకటి ఉండాలి.

ఇప్పుడు అక్కడ చాలామంది గ్రావిటీ గ్రిల్స్ కొంటున్నారు. రైసుమిల్లులో హాపర్లో పోసిన ధాన్యం తన బరువుతో తానే దిగుతుంది కదా, ఇదీ అంతే. పక్కన నిలువుగా ఉండే పెట్టెలో బొగ్గులు నింపుతారు. అడుగున ఉన్నవే మండుతాయి. అవి బూడిదై రాలిన కొద్దీ పైవి దిగుతాయి. ఎంత వేడి కావాలో మనం పెడితే, దానికి తగ్గట్టు చిన్న ఫ్యాను గాలి ఊదుతుంది. వేడిగాలి, పొగ పక్కనున్న వంట అరలోకి పోతాయి. కుంపటి దగ్గర విసనకర్రతో కూర్చునే మనిషి పని ఫ్యాను చేస్తుందన్నమాట.

మాస్టర్‌బిల్ట్ వారి 560, 800, 1050, చార్-గ్రిల్లర్ వారి 980, ఓక్లహామా జోస్ వారి టహోమా 900 ఈ కోవలోవి. ఈ అంకెలు వంట జాలీల వైశాల్యం, సుమారుగా చదరపు అంగుళాలలో. పై అరలు కూడా ఆ లెక్కలో కలుస్తాయి గనుక అంకె చూసి మురిసిపోకుండా, కింది ప్రధాన జాలీ ఎంతుందో కొలిచి చూడాలి.

అసలు తేల్చుకోవలసింది ఇంట్లో ఏ వంట ఎక్కువ అన్నది. వంట రెండు రకాలు. సుమారు 225 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 107 సెంటీగ్రేడ్ దగ్గర, గంటల తరబడి పొగలో మగ్గబెట్టడం ఒకటి. బాగా కాగిన ఇనుము మీద నాలుగు నిమిషాల్లో పైభాగం ఎర్రగా కాల్చడం రెండోది. మాస్టర్‌బిల్ట్ గ్రిల్స్ 225 నుంచి 700 డిగ్రీల దాకా పోతాయి కనుక రెండూ చేస్తాయి. కానీ నిప్పు ఒకచోట, పదార్థం ఇంకోచోట ఉండటం వల్ల మొదటి పనిలోనే వీటి గొప్పతనం కనిపిస్తుంది. రెండో పనికి నిప్పు సరిగ్గా కిందే ఉండే మామూలు గ్రిల్ ఏమీ తీసిపోదు. ఆదివారం అరగంటలో చికెన్, మొక్కజొన్న కంకులు, పచ్చడికి వంకాయ కాల్చుకునే ఇంటికి 1952లో జార్జ్ స్టీఫెన్ రూపొందించిన వెబర్ గుండ్రటి గ్రిల్ చాలు. దానికి కరెంటు కూడా అక్కర్లేదు.

గ్రావిటీ గ్రిల్లే కావాలంటే, నలుగురైదుగురికి 560 సరిపోతుంది. తరచు బంధుమిత్రులు వచ్చే ఇంటికి 1050. 800కు చదునైన పెనం కూడా ఇస్తారు గనుక దోసెలు వేసుకోవచ్చు. అర పెద్దదైన కొద్దీ బొగ్గు ఖర్చూ పెరుగుతుంది. ఫ్యాను, వేడి కొలిచే తీగ, మీటలు పాడైతే విడిగా దొరుకుతాయా అని ముందే అడగాలి. కరెంటు పోతే ఫ్యాను ఆగి, వేడి పడిపోతుంది.

ఇక కాపలా ఉండే మనం గుర్తుంచుకోవలసినవి. గ్రిల్ ఆరుబయటే ఉండాలి. తలుపు తీసి ఉన్నా గ్యారేజీలో వద్దు. మూసిన గదిలో కుంపటి పెట్టుకుని ప్రాణాలు పోయిన సంగతులు మనకు తెలియనివి కావు. ఆ కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు. చాలాచోట్ల అపార్ట్‌మెంట్ బాల్కనీలో బొగ్గుల గ్రిల్‌ను అనుమతించరు. మాంసం గంటల తరబడి మగ్గాక అడుగున కొవ్వు పేరుకుంటుంది. దాన్ని శుభ్రం చేయకుండా 700కు పెంచితే భగ్గున అంటుకుంటుంది. అప్పుడు నీళ్ళు పోయరాదు. ఫ్యాను ఆపి, మూత మూయాలి. మధ్యలో బొగ్గులు వేసేటప్పుడు ముఖం పక్కకు తిప్పి నెమ్మదిగా మూత తీయాలి. వంటయ్యాక రేకు పలకలు దూర్చి గాలి బంద్ చేస్తే నిప్పు ఆరి, మిగిలిన బొగ్గులు మళ్ళీ పనికొస్తాయి. అయినా గంటల తరబడి వేడి ఉంటుంది, మనవలను దగ్గరకు రానీయకండి. బూడిదను చెత్తబుట్టలో కాక, మూత ఉన్న రేకు డబ్బాలో వేయాలి. కోడిమాంసం లోపల 165 డిగ్రీలు, అంటే 74 సెంటీగ్రేడ్ చేరిందని థర్మామీటరు గుచ్చి చూశాకే వడ్డించాలి.

ఈసారి మీ అబ్బాయో అమ్మాయో ఏ గ్రిల్ కొందాం నాన్నా అని అడిగితే, ఎంత వేడెక్కుతుందన్న ప్రశ్న తర్వాత. నెలకు ఎన్నిసార్లు, ఎంతమందికి, ఏం వండుతారు, దగ్గర ఎవరుంటారు అని ముందు అడగండి.