టెండరులో రాయాల్సింది జవాబు గురించి



ఆసుపత్రి నిర్వహణలో నేడు పట్టభద్రులవుతున్న మీలో కొందరు నాలుగైదేళ్లలో ఏదో ఒక కొనుగోలు కమిటీలో కూర్చుంటారు. స్కానింగ్ యంత్రాలు, ఆక్సిజన్ ప్లాంట్లు, దుప్పట్ల ఫైళ్ల మధ్య ఒక పల్చటి ఫైలు కూడా మీ బల్ల మీదికి వస్తుంది. సర్కారు దవాఖానాకు వచ్చినవాళ్లు తమ అనుభవాన్ని ఆన్‌లైన్‌లో చెప్పుకునే సేవ కొనాలన్నది అందులో విషయం. చిన్న మొత్తమే కదా, పది నిమిషాల్లో తేల్చేద్దాం అనిపిస్తుంది. దయచేసి ఆ ఫైలుకు ఒక పూట కేటాయించండి. వెబ్‌సైటు, యాప్ అందులో చిన్న భాగాలు. అసలు సరుకు, రోగి మాటకు ఆసుపత్రి జవాబు చెప్పక తప్పని ఏర్పాటు.

అది లేనిచోట ఏం జరుగుతుందో ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్ పట్టణం చూసింది. అక్కడి ఆసుపత్రిని నడిపిన ట్రస్టుకు 2008 ఫిబ్రవరిలో ‘ఫౌండేషన్ ట్రస్ట్’ హోదా దక్కింది. కాగితాల మీద అంతా బాగున్న సంస్థలకే ఇచ్చే గౌరవమది. ఆ కాలంలోనే అక్కడి వార్డుల్లో మంచినీళ్లు అందించే దిక్కులేక పూలకుండీల్లో నీళ్లు తాగిన రోగులున్నారు. మలమూత్రాల్లో తడిసిన పక్కల మీద గంటల తరబడి పడి ఉన్నవాళ్లున్నారు. 2007 నవంబరులో అక్కడే తల్లిని పోగొట్టుకున్న జూలీ బెయిలీ తనలాంటి కుటుంబాలను ఒక్కచోట చేర్చి ఉద్యమం నడిపారు. చివరకు రాబర్ట్ ఫ్రాన్సిస్ విచారణ కమిషన్ 2013 ఫిబ్రవరిలో 290 సిఫార్సులతో నివేదిక ఇచ్చింది. రోగులూ బంధువులూ చెబుతూనే వచ్చారు, యాజమాన్యమే చెవిన పెట్టలేదన్నది ఆ నివేదికలో మళ్లీమళ్లీ కనిపించే మాట.

ఫిర్యాదు గుమాస్తా బీరువాలో ఆగిపోకుండా నలుగురి కళ్లముందు ఉంటే? షెఫీల్డ్‌లో కుటుంబ వైద్యుడిగా పనిచేస్తున్న పాల్ హాడ్జ్‌కిన్ 2005లో ‘పేషెంట్ ఒపీనియన్’ మొదలుపెట్టింది ఈ ఆలోచనతోనే. లాభాపేక్ష లేని ఆ సంస్థ పేరు ఇప్పుడు ‘కేర్ ఒపీనియన్’. పద్ధతి తేలిగ్గానే అర్థమవుతుంది. రోగి గానీ, ఇంటివాళ్లు గానీ పేరు బయటపెట్టకుండా జరిగింది రాస్తారు. సంస్థ మనుషులు దాన్ని చదివి ప్రచురిస్తారు, సంబంధిత ఆసుపత్రి సిబ్బందికి తెలియజేస్తారు. జవాబు కూడా అదే పేజీలో అందరికీ కనబడుతుంది. దానివల్ల ఏదైనా మార్పు జరిగితే అదీ అక్కడే నమోదవుతుంది.

ఆ చదివే మనుషుల పని గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. సెలైన్ అయిపోయి గొట్టంలోకి రక్తం ఎక్కుతుంటే ఎవరూ రాలేదని ఓ కూతురు రాసిందనుకుందాం. కోపంలో ఆ రాత్రి డ్యూటీ నర్సు పేరు, ఊరు కూడా రాసేసింది. చదివే మనిషి నర్సు పేరు, ఊరు తీసేస్తాడు. రక్తం ఎక్కిన మాట, సమయం, వార్డు మాత్రం ఉంచుతాడు. ఎవరి ప్రాణానికైనా ఇప్పటికిప్పుడు ముప్పుందనిపిస్తే ఆసుపత్రిని వెంటనే హెచ్చరిస్తాడు. ఈ పనిని సాఫ్ట్‌వేరుకు వదిలేస్తే నర్సు పేరుతోపాటు వార్డు పేరూ ఎగిరిపోవచ్చు, లేదా రెండూ మిగిలిపోవచ్చు. అందుకే బిడ్లు తెరిచినప్పుడు ముందు అడగండి: చదివేది ఎవరు, వాళ్లకిచ్చిన శిక్షణ ఏమిటి, ఆదివారం రాత్రి వచ్చిన మాటను ఎప్పటికి చూస్తారు?

బ్రిటన్ ప్రభుత్వం ఇంగ్లండ్‌లో 2013 ఏప్రిల్‌లో వేరే దారి కూడా తొక్కింది. మీ బంధుమిత్రులకు ఇలాంటి వైద్యం అవసరమైతే మా వార్డును సిఫార్సు చేస్తారా అని ప్రతి రోగినీ అడగడం మొదలుపెట్టింది. వ్యాపార సంస్థల కోసం 2003లో ఫ్రెడ్ రైక్‌హెల్డ్ ప్రచారంలోకి తెచ్చిన ప్రశ్నకు ఇది రూపాంతరం. కానీ అంబులెన్సు ఎక్కినవాడు ఆసుపత్రిని ఎంచుకోడు, సిఫార్సు మాట వాడికేం అర్థమవుతుంది? 2020 ఏప్రిల్ నుంచి ఆ ప్రశ్న మార్చి, మొత్తంమీద మీ అనుభవం ఎలా ఉందని అడుగుతున్నారు. మార్కులు పెరిగాయో తగ్గాయో అంకె చెబుతుంది. ఎందుకు తగ్గాయో చెప్పాలంటే ఆ కూతురు రాసిన నాలుగు వాక్యాలే కావాలి.

స్కాట్లండ్ ఈ విషయంలో ముందుచూపు చూపింది. అభిప్రాయం చెప్పడం, ఫిర్యాదు చేయడం రోగి హక్కు అని 2011లోనే చట్టం చేసింది. పద్నాలుగు ప్రాంతీయ ఆరోగ్య బోర్డులూ కేర్ ఒపీనియన్ వాడుకునేలా ఖర్చు ప్రభుత్వమే పెట్టుకుంది. బోర్డు బోర్డుకీ విడివిడిగా కొనమంటే, వినడం ఇష్టంలేని బోర్డు డబ్బుల్లేవని తప్పించుకునేది. అక్కడ వచ్చే మాటల్లో సగానికి పైగా మెచ్చుకోళ్లేనన్నది మన నర్సులకు తప్పక చెప్పాల్సిన సంగతి. రాత్రిపూట ఒక్కరే రెండు వార్డులు చూసుకునే చోట, రోగుల నోరు తెరిపిస్తే మా మీదికే వస్తారన్న భయం న్యాయమైనదే. సిబ్బంది కొరత కూడా ఆ పేజీలో అందరికీ కనబడుతుంది కనుక ఆ భయానికి అదే మందు.

మన దగ్గర కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో ‘మేరా అస్పతాల్’ తెచ్చింది. ఎస్సెమ్మెస్, ఫోను కాల్, యాప్, పోర్టల్ ద్వారా రోగిని పలకరించి, అసంతృప్తి ఉంటే సిబ్బంది ప్రవర్తనా, శుభ్రతా, ఖర్చా, వైద్యమా అని అడుగుతుంది. మంచి ప్రయత్నం. అయితే ఓపీ చీటీ మీద ఉన్న నంబరు చాలాసార్లు హైదరాబాదులో కూలికెళ్లిన కొడుకుది. పాడేరు కొండల నుంచి డోలీలో వచ్చిన అవ్వ ఏ బాధ పడిందో ఆ కొడుక్కి ఎలా తెలుస్తుంది? ఆమె తన మాటల్లో చెబితే విని రాసిపెట్టే మనిషి ఫోనుకు అవతల ఉండాలి. ఆసుపత్రి సహాయ కౌంటరులో ఉండే ఆరోగ్యమిత్రకు చెప్పుకోవచ్చు గానీ, రేపు మళ్లీ అదే కౌంటరుకు రావాల్సిన మనిషి అక్కడ మనసు విప్పడం కష్టం. కాబట్టి సేవ ఆసుపత్రి చేతి కింద ఉండకూడదని టెండరులోనే రాయండి.

ఇక ధర. అందరికంటే తక్కువ ధర చెప్పిన బిడ్డరుకు (ఎల్-1కి) కట్టబెడితే ఆడిట్ అభ్యంతరం రాదని కమిటీలో ఎవరో ఒకరు అంటారు. కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరు మార్గదర్శకాలు ఇలాంటి సేవల కొనుగోలులోనూ నాణ్యతకు 30 శాతం దాకా మార్కులు ఇవ్వనిచ్చాయి. ఆ వెసులుబాటు వాడుకోండి. లాగిన్‌కు ఇంత అని ధర కట్టే బిడ్డు వద్దు. అలా కొంటే పొదుపు పేరుతో రెండు లాగిన్లు తీసుకుని సూపరింటెండెంట్ ఆఫీసులో పెడతారు, వార్డు హెడ్ నర్సుకు తన వార్డు సంగతి చేరదు.

కాంట్రాక్టులో ఆసుపత్రి జవాబుకు గడువొక్కటే పెడితే వచ్చేది ఇది: ‘మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. వివరాలకు పీఆర్వోను సంప్రదించగలరు.’ అందరికీ అదే అతికిస్తారు. ఆ కూతురికి కావాల్సిన జవాబు వేరు: ‘ఆ రాత్రి మా వార్డులో ఒక్క నర్సే ఉన్నారు. సెలైన్ చూసే పనిని ఇప్పుడు గంటకోసారి రౌండులో చేర్చాం. మీ అమ్మగారు ఎలా ఉన్నారు?’ ఇలా రాయగలిగేలా సిబ్బందికి శిక్షణ ఇచ్చే బాధ్యత కూడా కాంట్రాక్టులో ఉండాలి.

సంతకానికి ముందు ఆఖరి పేజీలు కూడా చదవండి. కాంట్రాక్టు గడువు ముగిశాక రోగుల మాటలు, జవాబులు ఎవరి దగ్గర ఉంటాయన్నది అక్కడే తేలుతుంది. రోగుల గుర్తింపు వివరాలు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం భద్రంగా ఉండాలి. ప్రచురించినవి మాత్రం కొత్త కంపెనీ వచ్చినా ప్రజలు చదువుకునేలా అప్పగించి తీరాలని, అప్పగించేదాకా చివరి బిల్లు ఆపాలని ఒక క్లాజు రాయించండి.