ఒక కూర్మము, మూడు కథలు

శ్రీకాకుళమునకు తూర్పున, సముద్రమునకు చేరువలో శ్రీకూర్మ క్షేత్రము గలదు. అచట గర్భాలయమున స్వామి కూర్మరూపమున పూజలందుచున్నాడు. విజయనగరమునుండి మేమొకసారి దర్శనమునకు పోయినప్పుడు, ఆలయమున పెంచుచున్న నక్షత్ర తాబేళ్లను చూచుచు ఒక బాలుడు తన నాయనమ్మ నిట్లడిగెను: “మామ్మా, తాబేలైనది విష్ణుమూర్తా, ప్రజాపతా? మా పుస్తకంలో ప్రజాపతి అని ఉందే!”

“తప్పు నాయనా! దేవుడి దగ్గర అలా అడక్కూడదు” అనెను ఆమె. బాలుడు మరి మాటాడలేదు. మేమును పట్టభద్రులమే, ప్రక్కనే నిలిచియుండియు నోరు మెదపలేదు. ఆనాడు చెప్పవలసిన మాట నేడు మనవి చేయుచున్నాము.

బాలుడు అడిగినది తప్పు కాదు. శతపథ బ్రాహ్మణమున ప్రజాపతియే కూర్మరూపము ధరించి ప్రాణులను సృజించెనని యున్నది. భారతము ఆదిపర్వమున దేవదానవులు కూర్మరాజును ప్రార్థింపగా అతడు మందరగిరిని మోయుట కంగీకరించును. నారాయణుడు వేరుగా నుండి చిలుకువారికి బలము నొసగును. భాగవతము అష్టమ స్కంధమున, కొండ నీట మునుగుచుండగా విష్ణువే తాబేలై దానిని పైకెత్తును. ముగ్గురు కర్తలు, ఒక్క కూర్మము!

పెద్దలు దీనిని కల్పభేదమందురు. శతపథము ప్రాచీనము, భాగవతము తరువాతిది, విష్ణుభక్తి పెరిగినకొలది ప్రజాపతి కార్యములు విష్ణువునకు సంక్రమించినవని చరిత్రకారులందురు. ఈ రెండింటికంటె ముందు చేయవలసిన పని యొకటి యున్నది. “సైంధవము తెమ్ము” అన్నచో భోజనవేళ ఉప్పును, ప్రయాణవేళ గుఱ్ఱమును తెత్తుము. మాటకు ప్రకరణమే దీపము.

శతపథమున ప్రకరణము అగ్నిచయనము. యజ్ఞవేదికలో, పెరుగు, తేనె, నేయి పూసిన సజీవకూర్మమును ఉంచుదురు. దాని పై చిప్ప ఆకాశము, క్రింది చిప్ప భూమి, నడుమ అంతరిక్షము. అచటి ప్రశ్న: ఈ లోకమును చేసిన దెవరు? భారతమున ప్రశ్న: అమృతము ఎట్లు పుట్టెను? అందుకు కొండను మోయు సహాయుడు చాలును. భాగవతమున ప్రశ్న: శరణన్నవారి ప్రయత్నము మునిగిపోవునప్పుడు ఆదుకొను వాడెవడు? అచట స్వామియే రావలెను.

కనుక మూడును ఒకటేయని బలవంతముగా అతుకనక్కరలేదు. ఒక్కటి నిలిపి తక్కినవానిని అబద్ధములని త్రోసివేయనక్కరయు లేదు. భేదము భేదముగనే యుండును; దానికి కారణము తెలిసినచో భక్తికి లోటు రాదు. లోటు వచ్చునది పిల్లవాని నోరు మూయించినప్పుడే. నేడు దేవునిగూర్చి అడుగరాదన్నచో, రేపు వాడు అడుగుటయు మానును, వినుటయు మానును.

మీ యింట ఇట్టి ప్రశ్న వినబడినచో, తెలిసినంత చెప్పుడు. తెలియనిచో, “నాకూ తెలియదు నాయనా, పుస్తకం తే, చూద్దాం” అనుడు. ఆ మాట గుడిలో అన్నను దోషము లేదు.