కొండ దిగు మోటారు గృహము

పడకలు, పొయ్యి, నీటితొట్టి, స్నానపుగది, ఇవన్నియు ఇమిడిన పెద్ద బండిని అమెరికాలో మోటారు హోము అందురు. మన దేశమున అట్టి బండ్లు ఇప్పుడిప్పుడే కనబడుచున్నవి గాని అచ్చట అది పాత వాడుక. వేసవి సెలవులలో అచ్చటి తెలుగు కుటుంబములు కొన్ని దానిని అద్దెకు దీసికొని, ఇచ్చటినుండి వెళ్ళిన తలిదండ్రులను, తమ పిల్లలను ఎక్కించుకొని ఎల్లోస్టోన్ వనమును చూడబోవుట కలదు. శ్రోతలలో అట్టి ప్రయాణము చేసివచ్చినవారును, చేయబోవువారును ఉందురు. ఆ బండిని నడుపు కుమారుడో అల్లుడో అంతవరకు నడిపినది చిన్న కారు. కారులో చెల్లిపోయిన అలవాటొకటి ఈ బండిలో ప్రాణముమీదికి తెచ్చును. కొండ దిగుచున్నంతసేపును బ్రేకుపై పాదము ఆనించి యుంచుటయే ఆ అలవాటు.

ఎల్లోస్టోనునకు దక్షిణమున, వయోమింగు రాష్ట్రములో జాక్సన్ అను ఊరున్నది. పడమటనున్న ఐడహో రాష్ట్రమునుండి ఆ ఊరికి వచ్చువారు టీటన్ కనుమను దాటవలెను. కనుమ శిఖరము సముద్రమట్టమునకు 8,431 అడుగుల ఎత్తున నున్నది. అచ్చటినుండి విల్సన్ అను పల్లెకు దారి సుమారు 9 కిలోమీటర్లు. ఆ కొద్ది దూరములోనే బండి ఇంచుమించు 700 మీటర్లు క్రిందికి దిగును. కొన్నిచోట్ల నూరడుగులకు పదియడుగుల వాలు. మనకు తెలిసిన కొండతో పోల్చి చూతము. తిరుమలనుండి తిరుపతికి దిగు లోతును దాదాపు ఇంతయే. కాని 1944లో తెరచిన మొదటి ఘాటు రోడ్డు, అనగా నేడు దిగువారు వచ్చు దారి, ఆ లోతును సుమారు 19 కిలోమీటర్ల పొడవున మెలికలు త్రిప్పి పంచిపెట్టినది. టీటన్ కనుమలో అందులో సగము దూరమునకే ఆ పని ముగియవలసి యున్నది.

ఇక బండి బరువు. అద్దెకు దొరకు మధ్యరకము మోటారు హోము సామానుతో, మనుష్యులతో, నీటితో నిండినప్పుడు ఆరు, ఆరున్నర టన్నులుండును. అంత బరువు 700 మీటర్లు దిగినప్పుడు పుట్టు శక్తి ఎచ్చటికో పోవలెను. గాలి కొంత, చక్రముల రాపిడి కొంత మ్రింగివేయును. మిగిలినదంతయు బ్రేకులపైననే పడినచో, అవి వేడిగా మార్చవలసిన శక్తి రెండేసి కిలోవాట్ల నీటి గీజర్లు ఇరువదింటిని పావుగంటసేపు మండించుటకు చాలును. ఈ వేడియంతయు నాలుగు మూలలనున్న ఇనుప పళ్ళెములును, వాటిని పట్టుకొను ప్యాడ్లును భరింపవలెను. మరియొక లెక్క చెప్పుదును. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు ఈ బండిని ఒక్కసారి పూర్తిగా నిలుపుటకు ఎంత వేడి పుట్టునో, టీటన్ కనుమ దిగుటకు అంతకు దాదాపు 40 రెట్లు పుట్టును. బ్రేకు బండిని నిలుపుటకై చేసిన సాధనము. కొండపొడవునను బండిని పట్టుకొని దించు పని దానిది కాదు. ఆ పని ఇంజనుది.

వేడి మితిమీరినప్పుడు రెండు విధముల కీడు కలుగును. మొదటిది, ప్యాడ్ల పట్టు సడలుట. పాదము క్రింద బ్రేకు గట్టిగానే యుండును. ఎంత నొక్కినను బండి మాత్రము లొంగదు. రెండవది ఇంకను భయంకరము. పాదపు ఒత్తిడిని చక్రములకు చేర్చు బ్రేకు ఆయిలు మరగి ఆవిరి బుడగలు పుట్టును. నూనె నలగదు గాని ఆవిరి నలగును. కనుక పాదము నేలకంటుకొనును, చక్రమువద్ద ఏమియు జరుగదు. అమెరికా ప్రమాణముల ప్రకారము డాట్ 3 అను రకపు ఆయిలు క్రొత్తగా నున్నప్పుడు 205 డిగ్రీల సెంటిగ్రేడు వరకైనను మరగరాదు. కాని ఆ ద్రవము గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము కలది. తేమ పట్టిన పిమ్మట ఆ హద్దు 140 డిగ్రీలకు దిగిపోవును. మోటారు హోము ఏడాదిలో పదినెలలు కదలక నిలిచియుండు బండి. మీటరుపై కిలోమీటర్లు తక్కువగా కనబడును, యజమానికి అది క్రొత్తబండివలెనే తోచును. ఆయిలు మాత్రము కిలోమీటర్లను లెక్కింపదు, సంవత్సరములను లెక్కించును. రెండేండ్లకొకసారి దానిని మార్పించుట మంచిది. అద్దెకు దీసికొనువారు మార్చిన తేదీని అడిగి తెలిసికొనుటలో మొగమాటమేల?

అసలైన నిర్ణయము కొండ కొమ్మున జరుగవలెను, సగము దిగిన తరువాత కాదు. వాలు మొదలగుటకు ముందే వేగము తగ్గించి, చిన్న గేరునకు దిగవలెను. తనంతట గేర్లు మార్చుకొను బండ్లలో మీటను డి అను అక్షరమువద్ద వదలి ఊరకుండరాదు. అట్లు వదలినచో వేగము పెరిగినకొలది యంత్రము పెద్ద గేరునకు మారి, ఇంజను పట్టు విడిచిపెట్టును. ఇట్టి బండ్లలో పెక్కింటికి టో హాల్ అను పేరుగల మీట యుండును. దానిని నొక్కినచో యంత్రము చిన్న గేరును పట్టుకొని యుండును. ఆక్సిలరేటరు వదలిన ఇంజనును చక్రములే త్రిప్పవలసివచ్చును గనుక, ఆ శ్రమలో బండి వేగము అణగును. ఆ వేడి రేడియేటరు ద్వారమునను, పొగగొట్టము ద్వారమునను పోవును, బ్రేకులకు తగులదు.

ఇచ్చట నొక చిక్కు. చిన్న గేరులో ఇంజను పెద్దగా బొబ్బలు పెట్టును. వెనుక కూర్చున్న తల్లి, "నాయనా, ఇంజనుకేమో అయినట్లున్నది, కొంచెము చూడరా" అనును. కొడుకునకును అనుమానము కలిగి పెద్ద గేరునకు మార్చును. మోత తగ్గును, అందరికిని ప్రాణము కుదుటపడును, బ్రేకులు మాత్రము అప్పటినుండియే కాలుట కారంభించును. మీటరులోని ఎర్రగీతకు లోబడియున్నంతవరకు ఆ మోత బండికి హాని చేయదని ఇంటిల్లిపాదికిని ముందుగానే చెప్పియుంచుట మేలు.

వేగము సగమైనచో, ప్రతి నిమిషమున బండి దిగు లోతును సగమగును; అనగా నిమిషమునకు పుట్టు వేడి సగమగును. తిరుమలనుండి దిగు వాహనములు 40 నిమిషములకు తక్కువకాక దిగవలెనని దేవస్థానమువారు కట్టుబాటు చేసిరి. దానిని గొణుగుకొనుచు పాటించువారే యెక్కువ. లెక్కవేసి చూచినచో గంటకు 29 కిలోమీటర్లకు మించని నడక యది. నా మట్టుకు నాకది యెంతయు తెలివిగల కట్టుబాటుగా తోచును.

ఇంజను పట్టినను చాలనిచోట బ్రేకు అవసరమే. అప్పుడును తేలికగా ఎడతెగక నొక్కరాదు. అమెరికాలో లారీ నడుపువారికి నేర్పు పద్ధతి ఇది: గంటకు 40 కిలోమీటర్లు తగిన వేగమని నిర్ణయించుకొన్నచో, 40కి చేరగానే గట్టిగా నొక్కి, సుమారు 8 కిలోమీటర్లు తగ్గించి, పాదము పూర్తిగా ఎత్తివేయవలెను. దానికి మూడు సెకనులు చాలును. మరల 40కి వచ్చువరకు బ్రేకు జోలికి పోరాదు. తేలికపాటి ఒత్తిడిలో ఒకటి రెండు చక్రములే భారమంతయు మోయవచ్చును. గట్టిగా నొక్కినప్పుడు అన్నియు పంచుకొనును. నడుమ దొరకిన తెరపిలో వేడి గాలిలోనికి పోవును.

కాలిన వాసన వచ్చినను, పాదము క్రింద బ్రేకు మెత్తబడినను ఆలస్యము చేయరాదు. వెనుకచక్రములు పడకగది క్రిందనే యుండును గనుక వాసన వెనుకనున్నవారికే ముందు తెలియవచ్చును. వారు నడుపువానికి వెంటనే చెప్పవలెను. రోడ్డు ప్రక్క చదునైన చోటు దొరకినంతనే ఆపి, చక్రములకు అడ్డుకట్టెలు వేసి, బ్రేకునుండి పాదము తీసివేసి అరగంటయైనను ఆగవలెను. నీళ్ళు చల్లరాదు, ఎర్రగా కాగిన ఇనుము పగులును. చక్రమువద్ద మంట కనబడినచో ముందుగా అందరును దిగి దూరముగా పోవలెను. ఆ బండిలో వంటగ్యాసు సిలిండరున్నదను మాట మరువరాదు. దిగుచుండగానే పాదము నేలకంటినచో వెంటవెంట నొక్కి చూడవలెను, కొంత ఒత్తిడి మరల రావచ్చును. చేతిబ్రేకును కొంచెము కొంచెముగా లాగవలెను. అప్పటికిని లొంగనిచో, అదుపు తప్పిన లారీలకై కొండదారుల ప్రక్కన కంకర నింపి కట్టిన దారులలోనికి బండిని పోనీయవలెను. బండి పాడగునని అచ్చట సంశయింపరాదు.

కొండ లేని చదునుదారిలోకూడ బ్రేకు కాగుట కలదు. దాని కారణము వేరు. ఎక్కువకాలము నిలిచియున్న బండిలో ప్యాడ్లను కదలించు భాగములకు తుప్పుపట్టి, పాదము తీసినను అవి వెనుకకు రావు. లోపల ఉబ్బిన పాత రబ్బరుగొట్టము నూనెను పోనిచ్చును గాని తిరిగి రానీయదు. చదునుదారిలో గంటసేపు నడిపి ఆపినప్పుడు, తాకకుండ ప్రతి చక్రము దగ్గరకును అరచేయి తెచ్చి చూడవలెను. నాలుగింటిలో ఒకటి మాత్రమే సెగలు గ్రక్కుచున్నచో, ఆ బండిని కొండకు తీసికొనిపోక మెకానికునకు చూపవలెను.